గోడ అవతలా మనవాళ్లే!

వీధికో సంఘం.. పక్క సంఘం ఫోను నంబరే లేదు
నీళ్లు, మురుగు, చెత్త.. ఏదీ ఒక్క గేటుతో ఆగదు
కలిసిన చోట నిండిన చెరువు.. సడలిన ఆదేశం

బెంగళూరు: ఒకే రోడ్డు. పక్కపక్కనే మూడు అపార్ట్‌మెంట్లు. నీళ్లు పోసేది ఒకే ట్యాంకరు యజమాని. గేటుకో ధర! మొదటి సముదాయం కార్యదర్శికి రెండోది ఎంత చెల్లిస్తోందో తెలియదు. రెండో కార్యదర్శి మూడో గేటు వైపు తొంగి చూసిందే లేదు. సంగతి తెలిసినవాడు ట్యాంకరు డ్రైవరు. ఆయన చెప్పడు. గేటు దగ్గర రసీదు పుస్తకం పట్టుకునే సెక్యూరిటీ గార్డుకూ తెలుసు. ఆయన్ని ఎవరూ అడగరు. బెంగళూరు తూర్పు శివార్లలో ట్యాంకర్ల మీద బతికే వీధుల్లో వేసవి వచ్చిందంటే ఇదే వరస.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కె.ఆర్‌.పురం, సర్జాపుర రోడ్డు.. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ప్రాంతాలివి. ఒకప్పుడు అద్దె గదుల్లో దిగినవారిలో చాలామంది ఇప్పుడు సొంత ఫ్లాటు యజమానులు. సంఘం ఎన్నికల్లో నిలబడి అధ్యక్షులు, కోశాధికారులు అయినవారూ ఉన్నారు. లిఫ్టు మరమ్మతు, జనరేటరు డీజిలు, పార్కింగు తగాదా, కుక్కల గొడవ.. కాంపౌండు లోపలి పనులు ఎలాగోలా చక్కబెడతారు. చిక్కంతా కాంపౌండు బయటే. రోడ్డు గుంత, పొంగే మ్యాన్‌హోలు, రాని కావేరి నీరు, వీధి చివర చెత్తకుప్ప.. వీటిలో ఏ ఒక్కటీ ఒక సంఘం చేతిలో లేదు. పది సంఘాలు కలిస్తే మాత్రం కొంత దారికొస్తుంది. ఆ కలవడమే జరగడం లేదు.

ధర కట్టారు.. అమలు ఎవరిది?

2024 మార్చిలో నగరం గొంతెండినప్పుడు బెంగళూరు జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల ధరకు కళ్లెం వేసింది. అయిదు కిలోమీటర్ల లోపు అయితే 6 వేల లీటర్లకు రూ.600, 8 వేల లీటర్లకు రూ.700, 12 వేల లీటర్లకు రూ.1,000 అని నిర్ణయించింది. అదే నెలలో తాగునీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా రూ.5 వేల జరిమానా అని జలమండలి ప్రకటించింది. కాగితం మీద అన్నీ బాగున్నాయి.

కానీ అరవై ఫ్లాట్ల సంఘం ఒకటి ‘ప్రభుత్వ ధర ఇస్తాం’ అని గట్టిగా అందనుకోండి. ‘సరే సార్‌, రేపట్నుంచి బండి రాదు’ అంటే ఏం చేస్తుంది? పైఅంతస్తులో పసిపిల్లలున్న ఇల్లు, మంచం మీదున్న ముసలివారు.. సాయంత్రానికి పాత ధరకే ఒప్పుకోవాల్సిందే. అదే రోడ్డులో ఎనిమిది సముదాయాలు ఒకే కాగితం మీద సంతకం పెట్టి ‘మా అందరికీ రోజూ ఇన్ని బండ్లు కావాలి, ధర ఇదీ, నీటి పరీక్ష నివేదిక ఇవ్వాలి’ అంటే బేరం రంగు మారుతుంది. ట్యాంకరు యజమానికీ అది నష్టమేం కాదు. ఏడాది పొడవునా ఖాయమైన గిరాకీ, ఒకే వీధిలో వరుసగా గేట్లు.. డీజిలు కలిసొస్తుంది.

బోర్ల సంగతీ అంతే. ఒక సంఘం 800 అడుగుల్లో నీళ్లు పడ్డాయని మురిసిపోతుంది. పక్కవారు 1,200 అడుగులు దించుతారు. నాలుగు నెలలకు మొదటి బోరు గాలి కక్కుతుంది. భూమి లోపల కాంపౌండు గోడ లేదు కదా. ఎవరి బోరు ఎంత లోతు, గంటకు ఎంత పోస్తోంది, ఎప్పుడు ఎండింది.. ఈ నాలుగు ముక్కలు పక్కపక్క సంఘాలు చెప్పుకొంటే లక్షలు పోసి మరో బోరు వేయాలో, ఆ డబ్బుతో ఇంకుడు గుంతలు తవ్వాలో తేలుతుంది. ఎందుకో ఈ లెక్కను ఇంటి గుట్టులా దాచుకునేవారే ఎక్కువ.

వాన లెక్క కూడా ఒకసారి వేయాలి. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వర్షం కురుస్తుంది. అంటే ఎకరా నేల మీద పడేది దాదాపు 39 లక్షల లీటర్లు. వాన నీటి సేకరణను తప్పనిసరి చేస్తూ జలమండలి చట్టాన్ని 2009లోనే సవరించారు. అయితే పైనున్న సముదాయం నేలంతా సిమెంటు చేసి నీటిని రోడ్డు మీదకు వదిలేస్తే, కిందనున్న సముదాయం ఎన్ని ఇంకుడు గుంతలు తవ్వినా అవి ఆ బురదతో పూడిపోతాయి.

40 వేల లీటర్లు కాలువపాలు

200 ఫ్లాట్ల సముదాయాన్ని తీసుకోండి. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు.. ఇది ప్రామాణిక లెక్క. మొత్తం లక్షా 8 వేల లీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు తొమ్మిది. వాడిన దాంట్లో 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు. అంటే 86 వేల లీటర్ల పైచిలుకు. సముదాయంలోనే మురుగునీటి శుద్ధి కేంద్రం, అదే అందరూ ఎస్టీపీ అనేది, ఉంటే ఈ నీరంతా శుద్ధవుతుంది. మరుగుదొడ్ల ఫ్లష్‌లకు మనిషికి 45 లీటర్ల చొప్పున 36 వేలు పోతాయి. తోటకు ఇంకో 10 వేలు. మిగిలిన 40 వేల లీటర్లు?

చాలాచోట్ల రాత్రిపూట గుట్టుచప్పుడు కాకుండా వాన కాలువలోకి వదిలేస్తారు. డబ్బు పోసి, కరెంటు ఖర్చుపెట్టి శుద్ధి చేసిన నీరు మళ్లీ మురుగులో కలుస్తుంది. అదే సమయంలో రోడ్డుకు అవతల కట్టుబడి సాగుతున్న భవనం కోసం బోరు నీళ్లు ట్యాంకర్లలో వస్తుంటాయి. వీధి చివర పార్కు ఎండి ఉంటుంది. ఇంత విడ్డూరం ఇంకోటి ఉండదు.

నీటి కొరత ముదిరిన 2024 మార్చిలో ప్రభుత్వం ఇందుకు ఒక దారి తెరిచింది. శుద్ధి చేసిన నీటిలో సగం దాకా తాగడానికి కాని అవసరాలకు బయటివారికి అమ్ముకోవచ్చని అపార్ట్‌మెంట్లకు అనుమతి ఇచ్చింది. అమ్మాలంటే కొనేవారు తెలియాలి. ఎవరి దగ్గర మిగులుంది, ఎవరికి అవసరముంది అన్నది సంఘాలు ఒకరినొకరు పలకరించుకుంటేనే బయటపడుతుంది. ఆ నీటి నాణ్యత పరీక్షలు చేయించడం, పైపు వేయడానికి రోడ్డు తవ్వే అనుమతి తెచ్చుకోవడం.. ఇవన్నీ తర్వాతి మాట.

ఇది జరిగే పనేనా అనేవారు జె.పి.నగర ఏడో ఫేజ్‌లోని పుట్టేనహళ్లి చెరువు దాకా వెళ్లి రావాలి. 13 ఎకరాల చిన్న చెరువు. ఎండిపోయి, చెత్త, కట్టడాల శిథిలాలతో నిండిన దశలో చుట్టుపక్కల నివాసులు 2010లో ఒక ట్రస్టుగా ఏర్పడ్డారు. పాలికె చెరువును బాగుచేసింది. 2011లో దాని నిర్వహణ బాధ్యత ఒప్పందం ద్వారా ఆ ట్రస్టుకే అప్పగించింది. అయితే చుట్టూ భవనాలు లేచాక చెరువులోకి వాన నీరు వచ్చే దారులు మూసుకుపోయాయి. అప్పుడు పక్కనున్న పెద్ద అపార్ట్‌మెంటు సముదాయం తమ ఎస్టీపీలో మిగిలిన శుద్ధ జలాన్ని చెరువులోకి మళ్లించింది. కాలువపాలు కావాల్సిన నీరు చెరువులో నిలిచింది, పక్షులు చేరాయి. గోడకు ఇవతలివారు, అవతలివారు మాట్లాడుకోకపోతే ఆ పైపు పడేదే కాదు.

సర్జాపుర రోడ్డులోని కైకొండ్రహళ్లి చెరువుదీ దాదాపు ఇదే కథ. 48 ఎకరాల ఆ చెరువు కోసం అపార్ట్‌మెంట్లవారు, విల్లాలవారు, పాత ఊరివారు, పర్యావరణ పరిశోధకులు, పాలికె ఇంజినీర్లు ఒకచోట కూర్చున్నారు. పశువులు కాసేవారికి గడ్డి, ఊరివారి గుడి, బడి పిల్లల దారి.. ఇవన్నీ ప్రణాళికలోకి వచ్చాయి. నడక బాట మాత్రమే అడిగి ఉంటే ఊరు వారి వెంట వచ్చేది కాదు.

మన వాన.. వారి వాకిట్లో

2022 సెప్టెంబరు మొదటి వారం నాటి వరద తూర్పు బెంగళూరు ఇంకా మరిచిపోలేదు. బెళ్లందూరు, యెమలూరు, సర్జాపుర రోడ్డు వైపు ఖరీదైన విల్లాల్లోకి నీరొచ్చింది. ట్రాక్టర్లు, పడవల మీద జనాన్ని బయటికి తెచ్చారు. ఔటర్‌ రింగు రోడ్డు మునిగి ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని అన్నాయి. రాజకాలువెల ఆక్రమణలు, చెరువుల గొలుసు తెగిపోవడం కారణమని అందరూ అన్నారు. తర్వాత చాలా సముదాయాలు చేసిన పని ఒక్కటే.. తమ గేటు దగ్గర నేలను ఎత్తు చేసుకోవడం, గోడను మరో రెండడుగులు లేపడం. నీరు ఆగదు కదా, పక్కవారింట్లోకి తిరుగుతుంది. మరుసటి వానకు వారూ గోడ లేపుతారు. చివరికి మునిగేది గోడ లేపే స్తోమత లేని రేకుల ఇళ్లు.

బెంగళూరు చెరువులు ఒకదాని అలుగు మరోదానికి చేరేలా కట్టినవి. ఎగువన వదిలింది దిగువకు రావాల్సిందే. బెళ్లందూరు చెరువు నిండితే వర్తూరుకు, వర్తూరు నుంచి దక్షిణ పినాకినికి, అక్కణ్నుంచి సరిహద్దు దాటి హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి. వర్తూరులో నురగ గాలికెగిరి రోడ్డు మీద పడితే టీవీల్లో చూశారు. 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో బెళ్లందూరు చెరువే అంటుకుంటే దేశమంతా ముక్కున వేలేసుకుంది. కెలవరపల్లి గేట్ల దగ్గర తేలే తెల్లటి నురగను మాత్రం హోసూరు రైతులే చూశారు. వారిలోనూ తెలుగు మాట్లాడేవారు తక్కువేం కాదు. మారతహళ్లిలోని ఫ్లాటులో స్నానాలగదికీ హోసూరు మడికీ ఉన్న ఈ చుట్టరికం ఏ సంఘం మినిట్స్‌ పుస్తకంలోనూ కనిపించదు!

చెత్తదీ అదే బాట. రోజుకు వంద కిలోలకు మించి చెత్త వచ్చే సముదాయాలు తమ తడి చెత్తను తామే చూసుకోవాలన్నది నిబంధన. పెద్దవారు ఎరువు గుంత కడతారు. పాతిక ఫ్లాట్ల భవనానికి చోటుండదు. పక్కవారి గుంతలో తమ వంటింటి చెత్త వేసి, ఖర్చులో వాటా ఇచ్చే ఏర్పాటుకు ఒక్క మాట చాలు. ఆ మాట లేకే రాత్రిపూట సంచులు వీధి చివర పడుతున్నాయి.

కొత్త సంగతేం కాదు

ఇరుగుపొరుగు సంఘాలు జట్టు కట్టడం పొరుగు నగరాలకు పాత విద్యే. చెన్నైలో 1989లో పుట్టిన ఎక్స్‌నోరా వీధి వీధికీ ఒక సంఘం పెట్టి, ఇంటింటి చెత్త సేకరణను జనం చేతే నడిపించింది. ముంబయిలో 1997లో నగరపాలికే ఏఎల్‌ఎం పేరుతో వీధుల వారీ నివాసుల బృందాలను గుర్తించింది. 2005లో ఢిల్లీలో కరెంటు చార్జీలు పది శాతం పెంచినప్పుడు కాలనీ సంఘాలు ఏకమై పెంచిన మొత్తం కట్టబోమన్నాయి. పెంపు వెనక్కి పోయింది. ఒక్క కాలనీ ఆ మాటంటే ఫ్యూజు పీకేసేవారు. వందల కాలనీలు అంటే ఎన్నని పీకుతారు?

బెంగళూరులోనూ దాఖలాలున్నాయి. వైట్‌ఫీల్డ్‌ రైజింగ్‌ 2013 నుంచి ఆ ప్రాంత సముదాయాలను రోడ్లు, చెత్త, రైళ్ల సమస్యల మీద కలుపుతోంది. 2016 అక్టోబరు 16న ఉక్కు వంతెన వద్దంటూ నగరవాసులు మానవహారం కట్టారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించింది. పాత భవనాల్లోనూ ఎస్టీపీలు కట్టాలన్న ఆదేశంపై 2018లో బెంగళూరు అపార్ట్‌మెంట్ల సమాఖ్య ‘బేడ’ అని గళమెత్తింది. ఆ నిబంధన సడలింది. పాత భవనంలో ఆ యంత్రాలకు చోటెక్కడిదన్న ప్రశ్న ఒక్కో సంఘం విడివిడిగా అడిగినంత కాలం వినేవారు లేరు.

అయితే నగర స్థాయి సమాఖ్యలో సభ్యత్వం తీసుకుని, ఏడాది చందా కట్టేస్తే పని అయిపోయిందనుకునే ధోరణి ఒకటుంది. చట్టాలు, పన్నుల వంటి పెద్ద విషయాలకు సమాఖ్య కావాలి. మీ వీధి మ్యాన్‌హోలు కోసం సమాఖ్య రాదు. అందుకు పక్క గేటువారే దిక్కు.

ఉగాదికి కిక్కిరిసి.. వార్డు సభకు ఖాళీగా

తెలుగువారి సంగతికొద్దాం. ఉగాది, సంక్రాంతి, కార్తిక వనభోజనాలకు పిలుపిస్తే పొరుగు సముదాయాల నుంచీ కుటుంబాలు కదిలొస్తాయి. పులిహోర, పచ్చడి, పాటల పోటీలు.. సందడే సందడి. పక్క అపార్ట్‌మెంటులో మనవాళ్లు ఎందరున్నారో వేళ్ల మీద చెప్పగలరు. ఆ అపార్ట్‌మెంటు మురుగు ఎటు పోతోందో అడిగితే మాత్రం మౌనం. 2018 చివర్లో బెంగళూరులో వార్డు కమిటీలు నెలనెలా మొదటి శనివారం కూర్చోవడం మొదలుపెట్టాయి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. అక్కడ తెలుగు గొంతు వినిపించడం అరుదు. ‘కన్నడ సరిగా రాదండీ’ అన్నది చాలామంది చెప్పే కారణం. పదిహేనేళ్లుగా ఉంటూ ఈ మాట చెప్పడం అంత బాగుండదు. నాలుగు ముక్కలు తప్పుల్తో మాట్లాడినా ఎదుటివారు సంతోషిస్తారు.

అలాగని తెలుగు ఫ్లాట్ల సంఘం ఒకటి విడిగా పెట్టుకోవడం పరిష్కారం కాదు. అది కోరి తెచ్చుకునే తలనొప్పి. నీటికి భాష లేదు. కూర్చునే బల్ల చుట్టూ కన్నడిగులు, తమిళులు, మలయాళీలు, హిందీవారు అందరూ ఉండాలి. తెలుగు వల్ల కలిసొచ్చేది వేరే ఒకటుంది. తూర్పు బెంగళూరు పాత ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు.. కన్నడం కలిసిన ఆ తెలుగు విజయవాడ చెవికి కొంచెం కొత్తగా ఉండొచ్చు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన నేల చాలావరకు ఆ ఊళ్ల పొలమే. కాలువ ఎటు పారేదో, తూము ఎక్కడుండేదో, ఏ గుంట పూడ్చి లేఅవుట్‌ వేశారో ఆ పెద్దలకు కంఠతా వచ్చు. కొత్తగా వచ్చినవారికీ ఊరివారికీ మధ్య మాటలు తక్కువ, అనుమానాలు ఎక్కువ. ‘నీళ్లన్నీ మీ బిల్డింగులకే పోతున్నాయి’ అని ఒకరు, ‘చెత్తంతా ఊరివాళ్లే వేస్తున్నారు’ అని ఒకరు. ‘పెద్దాయనా, ఈ కాలువ మునుపు ఎటు పోయేది?’ అని తెలుగులో అడిగితే టీ ఇచ్చి మరీ చెబుతారు. ఇంజినీరు మ్యాపులో దొరకనిది ఆ అరుగు మీద దొరుకుతుంది.

మరో మార్పూ గమనించాలి. గ్రేటర్‌ బెంగళూరు పాలన చట్టం 2025 మేలో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో అయిదు నగరపాలికలు ఏర్పడ్డాయి. కె.ఆర్‌.పురం, మహదేవపుర ప్రాంతాలు తూర్పు పాలిక కిందికి వచ్చాయి. వార్డుల హద్దులూ మారాయి. నిన్నటిదాకా ఫలానా ఇంజినీరును అడిగే సంఘం ఇప్పుడు ఎవరిని అడగాలో వెతుక్కుంటోంది. ఒక సంఘానికి తెలిసిన నంబరు పక్క సంఘానికి చేరితే ఆ వెతుకులాట సగమవుతుంది.

మొదలు ఎక్కడ?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు పేరు, తర్వాత లోగో, ఆపైన వాట్సప్‌ గ్రూపు. వారం తిరక్కుండా గ్రూపు నిండా శుభోదయం పువ్వులు, రాజకీయ వీడియోలు. అసలు మనుషులు నోటిఫికేషన్లు ఆపేస్తారు. అంతటితో సరి.

అలా కాకుండా, సంఘం కార్యదర్శి పక్క గేటు దాకా నడిచి వెళ్లి ఒక కప్పు కాఫీ తాగిరావడం మేలు. ఎవరిని కలవాలో తెలియకపోతే సెక్యూరిటీ సూపర్‌వైజరునో, ప్లంబరునో అడిగితే సరి. వీధిలోని అన్ని సముదాయాల గుట్టూ వారికి తెలుసు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఏ భవనంలో రెండు రోజులుగా నీళ్లు లేవో మెయింటెనెన్స్‌ ఆఫీసు కంటే ముందు వారే చెబుతారు. నాలుగైదు గేట్లు అయ్యాక ఒక ఆదివారం ఉదయం ఎవరో ఒకరి క్లబ్‌హౌసులో కూర్చోవచ్చు. మొదటి సమావేశానికి ఒకే విషయం పెట్టుకోవాలి. ట్యాంకర్లయితే ట్యాంకర్లే. అందరూ గత మూడు నెలల బిల్లులు వెంట తెచ్చుకోవాలి. బిల్లులు బల్ల మీద పరిచాక ఉపన్యాసాలు అక్కర్లేదు.

వచ్చేవారు సొంత హోదాలో కాకుండా తమ కమిటీ తరఫున రావాలి. ‘ఫలానా ఇద్దరు మా ప్రతినిధులు’ అని కమిటీ మినిట్స్‌లో ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. ఇద్దరెందుకంటే ఏటా ఎన్నికలు జరిగి కార్యదర్శులు మారిపోతుంటారు. ఒకరు పోయినా పాత సంగతులు తెలిసిన మరొకరు మిగలాలి. మొదట్లో రిజిస్ట్రేషను అవసరం లేదు, ఉమ్మడి నిధి అసలే వద్దు. డబ్బు చేరిన చోట తగాదా చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎవరి బిల్లు వారు నేరుగా కట్టుకుంటే సరిపోతుంది. ఏడాది నిలబడి, పనులు పెరిగితే అప్పుడు కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషను చట్టం-1960 కింద నమోదు గురించి ఆలోచించొచ్చు.

తలనొప్పులు రాకుండా పోవు. వెయ్యి ఫ్లాట్ల టవర్లవారు ‘మాకు ఓట్లు ఎక్కువ’ అంటారు. పన్నెండు ఫ్లాట్ల భవనం వెంటనే ముడుచుకుపోతుంది. సంఘానికి ఒక గొంతే అన్న పద్ధతి మొదటిరోజే పెట్టుకోవడం మంచిది. అసలు సంఘమే లేని చిన్న భవనాలు, విడి ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. వారినీ పిలవాలి. అద్దెకుండేవారికి సంఘంలో ఓటు లేదు, కానీ తాగేది అదే నీరు. బిల్డరు ఇంకా అప్పగించని సముదాయాలకు మరో బాధ. సంఘం పేరుకే ఉంటుంది, తాళాలు బిల్డరు దగ్గర. రెరా చట్టం కింద సంఘం ఏర్పాటుకు, ఉమ్మడి స్థలాల బదిలీకి గడువులున్నాయి. ఆ పోరాటం దాటొచ్చిన పక్క సంఘం దగ్గర కాగితాల నకళ్లు సిద్ధంగా ఉంటాయి. వకీలు ఫీజు కంటే ముందు అవి చూడటం లాభం.

ఇక అన్నింటికంటే ఇబ్బందైన ఘట్టం.. మీ మురుగే మా వాకిట్లో పొంగుతోందని ఒక సంఘం ఇంకో సంఘానికి ముఖం మీద చెప్పాల్సి రావడం. ఫిర్యాదు పెడితే అధికారి నోటీసు ఇస్తారు, శత్రుత్వం మిగులుతుంది. అంతకుముందే మూడుసార్లు కలిసి కూర్చున్నవారైతే ఆ మాట కొంచెం మెత్తగా పడుతుంది. ఖర్చు పంచుకుని పైపు మార్చుకోవడం అప్పుడే సాధ్యం.

అర్జీలకూ ఒక తీరుంది. అయిదు సంఘాలు అయిదు రకాలుగా రాస్తే అయిదు ఫైళ్లు. అదే అర్జీ ఒకటే రాసి, కింద అయిదు సంఘాల ముద్రలు వేస్తే దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఫొటోలు, తేదీలు, ఎన్ని ఇళ్లు, కాలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రాయాలి. అందినట్టు ముద్ర వేయించుకోవాలి. పని మంజూరైందా, గుత్తేదారు ఎవరు, గడువెంత అన్నది సమాచార హక్కు చట్టం-2005 కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు మాత్రం సంఘం పేరుతో కాకుండా ఒక పౌరుడి పేరుతో వేయడం క్షేమం. చట్టం ఆ హక్కు ఇచ్చింది పౌరుడికే.

2024 అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం తెచ్చిన నీరది. ప్రధాన గొట్టం రోడ్డు దాకా వచ్చినా, అక్కణ్నుంచి గేటు దాకా రావాలంటే కనెక్షను రుసుము, రోడ్డు తవ్వకం, ఇంజినీరు అంచనా.. సవాలక్ష. ఒక రోడ్డులోని సంఘాలన్నీ ఒకేసారి దరఖాస్తు చేస్తే రోడ్డు ఒక్కసారే తవ్వుతారు. విడివిడిగా వెళితే ఏడాదంతా తవ్వుతూనే ఉంటారు. ఆ దుమ్ము అన్ని బాల్కనీల్లోకీ సమానంగానే వస్తుంది.

వానలు ముదరకముందు చేయదగ్గ పని ఇంకోటుంది. మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ఎండెక్కకముందు, మీ సముదాయం వాన నీరు బయటికి పోయే చోటు నుంచి బయల్దేరి ఆ కాలువ వెంటే చెరువు దాకా నడవడం. దారిలో వచ్చే ఒక్కో గేటు దగ్గర అక్కడి సంఘంవారు ఇద్దరు కలుస్తారు. ఎక్కడ పూడిక ఉంది, ఎక్కడ గోడ కాలువలోకి జరిగింది, ఏ పైపులోంచి నల్లటి నీరు పడుతోంది.. సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకుంటూ వెళ్లాలి. ఊరి పెద్దాయన ఒకరు వెంట ఉంటే మరీ మంచిది. రెండు గంటల సమయం, పాత చెప్పులు ఉంటే చాలు.